రామక్క బిడ్డ సంచి

కూసో రామక్కా, నువ్వు కూడా అమ్మ పక్కన కూసో భవానీ. బస్సు ఇంక ఇల్లందుల బయలెల్లి కూడా ఉండదు. సంచి అయిపోయినట్టే, పట్టీల కాడ చేతికుట్టు ఒక్కటే మిగిలింది. గీ వీరబాబు చాయ్ బండి కాడ కూసుంటెనే నాకు చెయ్యి మంచిగ నడుస్తది. చేతి పని చేతిది, నోటి పని నోటిది. పోయినసారి నీ బిడ్డ భవాని భద్రాచలం హాస్టలుకు యూరియా బస్తాల బట్టలు నింపుకొని పోయిందని, తోటి పిల్లలు నవ్విండ్రని, పిల్ల ఏడ్సుకుంట ఫోన్ చేసిందని చెప్పినవ్ గదా, గా ముచ్చట విన్నకాడి నుంచి నాకు మనసు మనసుల లేదు. ఈసారి నవ్వమను చూద్దాం.

“నేను అడిగేది ఒక్కటే అన్నా. దుప్పటి, బట్టలు, పళ్లెం, పుస్తకాలు అన్నీ అండ్లనే పట్టాలె. ఎండల తునికాకు కోసిన పైసలతోని కొన్న గుడ్డ అది.” రామక్క మల్ల చెప్పింది.

పట్టుడా? నువ్వు గూడెం ఇడిసి రావు గనక నీకు తెల్వదు గాని, సంచి కుట్టుడంటె ఈ బొగ్గుబాయిల మీద ముందు ఈ సమ్మయ్య పేరే చెప్తరు.

“పేరు చెప్తరు మామా, సంచి ముచ్చట్ల కాదు గాని.” వీరబాబు చాయ్ వడపోస్తనే అన్నడు.

నువ్వు చాయ్ సంగతి చూడు వీరబాబూ, నడుమ మాట్లాడకు. ఏం చెప్తున్న? ఆఁ. నేను బాయి పని ఇడిసి ఇంట్ల కూసున్నంక, మా ఇంటామె యశోద కుట్టు మిషను ఊకనే పడి ఉండె. డ్వాక్రా ట్రైనింగుకు వచ్చిన మేడం ఒకామె పెద్ద సంచికి కటింగ్ కాయితం ఇచ్చిపోయింది. ఆడోళ్లందరు దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి పక్కన పెట్టిండ్రు. నేను ఒక్కపారి చూసిన. గంతే. బాయిల పైకప్పు చూసి ఏడ కూలుతదో చెప్పినోణ్ణి, కాయితం చూసి సంచి కుట్టలేనా? దళసరి గుడ్డ తెచ్చిన, సుద్దముక్కతోని గీసిన, కోసిన, అడుక్కు రెండు పొరలేసిన, పట్టీల కాడ అడ్డం నిలువు టాకాలు కొట్టిన. యశోద గా సంచి తీస్కొని సంతకు పోయింది. వారం కూరగాయలు ఏసింది, ఉప్పు పప్పు ఏసింది, మా అత్తకు చెప్పులేసింది, కోడిపెట్టను ఏసింది, ఆఖరికి ఒక చాట కూడా ఏసింది. ఇంటికొచ్చి చూస్తె ఏముంది, సంచి అడుగు కూడా నిండలే. కోడి అండ్ల తిరుగుకుంట మేస్తున్నది.

“సంత సంచి ఎవలిదైనా గంతే పడ్తది కాకా.”

ఆటో ఆపి బద్యా కూడా వచ్చిండా, మంచిది, కూసో. సంతతోని అయిపోతె నేనెందుకు చెప్త? ఆ తర్వాత ఏమైందో తెల్సా? ఎండకాలం ఇప్పపువ్వు రాలింది. ఆ యేడు గుట్ట అవతలి గూడెంల బస్తాలు దొరుకలే. అందరు వచ్చి సమ్మయ్యా నీ సంచి ఇయ్యి అన్నరు. ఇచ్చిన. ఒక ఇంటి పువ్వు పోసిండ్రు, రెండో ఇంటి పువ్వు పోసిండ్రు, ఇగ లెక్కబెట్టుడు బంజేసిండ్రు, గూడెం పువ్వంత పోసిండ్రు. నేను భుజానికేసుకొని అడవిల పడి వస్తున్న. నడుమ ఒక చెట్టు కింద బీడీ కాల్చిన, సంచి పక్కన పెట్టిన. మల్ల లేపితె కొంచెం బరువనిపించింది. పువ్వు తడి పట్టింది కావచ్చు అనుకున్న. ఇంటికొచ్చి దింపిన. యశోద ఎప్పటిలెక్కనే ఉల్లిగడ్డల కోసం చెయ్యి పెట్టింది. లోపలి నుంచి ఉల్లిగడ్డ చేతికొచ్చింది.

“వస్తది గదా, సంచిల ఉంటె.”

వచ్చుడు కాదు బద్యా, ఎవలో అందిచ్చిండ్రు. తొంగిచూస్తె ఎలుగ్గొడ్డు. నేను బీడీ తాగేటప్పుడు ఎక్కింది, పువ్వు మెక్కింది, కైపుల పడి మెత్తగ ఒక మూలకు పండుకున్నది. పాపం, మర్యాదగల జీవి, అడిగినదల్లా అందిస్తున్నది. తెల్లారి కైపు దిగినంక దానంతట అదే దిగి పోయింది, పోయేటప్పుడు ఎనక్కి తిరిగి సంచి దిక్కే చూసింది. ఇల్లు ఖాళీ చేసేటోళ్లు చూస్తరు గదా, గట్ల.

“అన్నా, పట్టీ కుట్టుడు అయితుందా?” రామక్క రోడ్డు దిక్కు చూసుకుంట అడిగింది.

అయితుంది అక్కా. ఈ పట్టీ బలం మీదనే గదా ముచ్చటంత. తొందరపడ్తె కుట్టు జారుతది. పిల్ల సామాను మోసే పట్టీ, ఊకనే వదిలేస్తనా? ఇను. వానకాలం గోదారి పొంగింది. భద్రాచలంల నేను మా మేనత్త ఇంట్ల ఉన్న. రాత్రికి రాత్రి నీళ్లు బజార్లకొచ్చినయ్, మంది సామాన్లు నెత్తిన పెట్టుకొని ఉరుకుతున్నరు. నాకు చూడబుద్ది కాలే. సంచి తీస్కొని కరకట్ట మీదికి పోయిన, మూతి ఇప్పిన, గోదాట్ల ఒక్కపారి ముంచిన. గుడుగుడుగుడుగుడు ఎల్లిపోయినయ్ నీళ్లు. నీళ్లు కొలిచే సారు పొద్దుగాల లేచి కొలకర్ర దిక్కు చూసి, కర్రేమన్న లేచి నిలబడ్డదా అనుకొని కండ్లు నలుపుకున్నడట.

“గుడ్డ సంచిల నీళ్లు ఎట్ల ఆగినయ్ మామా?” వీరబాబు గ్లాసు చేతికిచ్చుకుంట అడిగిండు.

గదే మరి. గదే కుట్టు గొప్పతనం. నువ్వు చాయ్ వడపోసే జాలి లెక్క చూస్తున్నవ్ సంచిని. నా టాకాల సందు నుంచి గాలి కూడా పోదు. ఆ నీళ్లను ఎండకాలం దాక దాచి, మా పెరట్ల బెండ మొక్కలకు పోసిన. కొన్ని చేపలు కూడా వచ్చినయ్, బజారంత పంచిన.

“చెవుల పువ్వులు పెట్టకు కాకా.”

నీ చెవుల పువ్వు పెట్టి నాకేమొస్తది బద్యా? ఆటో నడిపేటోనివి, బండ్ల సంగతి నీకే చెప్పాలె, ఇను. మొన్న, మొన్నంటె మొన్ననే, నేను భద్రాచలం పోను బస్సెక్కిన. సరిగ్గా అడవి నడుమ బస్సు ఆగింది. డ్రైవరు దిగి కింద దూరిండు, మీద ఎక్కిండు, ఇగ నాతోని కాదన్నడు. పొద్దు కూకుతున్నది. బస్సుల బాలింత ఉన్నది, పరీక్ష రాసే పిల్లలున్నరు. అందరు నా మొకమే చూస్తున్నరు. నేను మెల్లగ సంచి దులిపిన. ఎవలు దిగొద్దు అన్న. ముందు టైర్లు లోపలికి పెట్టిన, మెల్లగ మెల్లగ బస్సంత దించిన, అద్దానికి గీత పడకుంట. భుజానికేసుకొని నడక మొదలుపెట్టిన.

“మందితోని సహా?”

మందితోని సహా. కండక్టరు లోపల టికెట్లు కొడ్తనే ఉన్నడు. జాగ శానా ఉన్నదని తొవ్వల ఇంకో నలుగురిని ఎక్కిచ్చుకున్నడు కూడా. భద్రాచలం బస్టాండ్ల దించితె డ్రైవరు టైం చూసుకొని, రోజుకన్న ముందే వచ్చినం అన్నడు. పట్టీల మీద ఒక్క దారం జారలే. ఎందుకంటె సంచికి కాయితం ముఖ్యం. ఆ కాయితం పెట్టే కోసిన ఇది కూడా. ఇగో, దారం తెంపిన. పట్టు భవాని, నీ సంచి. మీ అమ్మ బెంగ తీరిపోవాలె, ముందు దుప్పటి పెట్టు బిడ్డా.

ఏంది అట్ల చూస్తున్నవ్? మడిచి పెట్టు. ఇంకొంచెం మడువు. నూకు, ఏం కాదు, టాకాలు గట్టియి. వీరబాబూ, నవ్వకు. దుప్పటి లావున్నది, గంతే. సరే, దుప్పటి తీసెయ్, పళ్లెం పెట్టు. మూతి కాడ అడ్డం పడ్డదా? నిలువుగ పెట్టు. నిలువుగ కూడా పడ్తలేదా?

వీరబాబు సంచిని చేతులకు తీస్కొని తిప్పి చూసిండు. “మామా, కటింగ్ కాయితం సంచికి సగమే ఉంటది. గుడ్డను మడిచి, ఆ మడత మీద కాయితం పెట్టి కోస్తె ఇప్పినంక నిండు ముక్క వస్తది. మా ఇంట్ల ఆమె జాకెట్లు గట్లనే కోస్తది. నువ్వు గుడ్డ పరిచి కాయితమెంతుంటె గంతే కోసినవ్.”

“రెండో షిఫ్టుకు టిఫిను పట్టుకపోను మంచిగున్నది కాకా,” అన్నడు బద్యా.

భవాని నవ్వలే. దుప్పటి మల్ల చంకల పెట్టుకున్నది. “నేను బస్తాలనే ఏసుకొని పోత తియ్యి అమ్మా.”

“నోరు ముయ్యి బిడ్డా. నువ్వు మల్ల ఆ బస్తాతోని పోతె నాకు ఇయ్యాల ముద్ద దిగదు.” రామక్క సంచి తీస్కొని లోపలి కుట్టు తిప్పి చూసింది. ఇంతల బస్సు వచ్చి చాయ్ బండి ముందు ఆగింది. “మిగిలిన గుడ్డ ఉన్నదా అన్నా?”

ఉన్నది అక్కా, ఇంట్ల మిషను మీద సగానికి సగం ఉన్నది. నడుమ ముక్కలేసి వెడల్పు చేస్త, అన్నీ పట్టేటట్టు చేస్త, నా మీద ఒట్టు. కాని బస్సు వచ్చె గదా. జల్దీ కుట్టినా గంట పడ్తది.

రామక్క భవాని చేతిల దుప్పటి తీస్కొని బెంచీ మీద పెట్టింది, పక్కన తను కూసున్నది.

“అయితే పో అన్నా, కుట్టుకరా. పోంగనే ముందు నీ పెద్ద సంచి పంపియ్యి. మొన్ననే గదా బస్సును మోసినవ్, ఇంట్లనే ఉంటది. నువ్వు కుట్టేదాక ఈ బస్సును అండ్ల ఏసుకొని ఈడనే కూసుంట.”