ఇద్దరు పెద్దవాళ్ళు కావాలి

అట్లా గోడవైపు తిరిగితే ఎలా మాస్టారూ? నేనింకా సగం కూడా చెప్పలేదు. మీటింగుకి ఎవరెవరొచ్చారని అడగరే? సరే, అడగలేరు. కనుబొమ్మలు ఎత్తొచ్చుగా, అవి బాగానే పనిచేస్తున్నాయని డాక్టరు చెప్పాడట.

ఆఁ, అట్లా.

ఒక్కడొచ్చాడు. స్కూలు హాలంతా నేనే ఊడ్చి, కుర్చీలు వేసి, బోర్డు మీద రంగు సుద్దలతో 'తల్లిదండ్రులకు స్వాగతం' అని రాసుకుని కూర్చుంటే, ఒకే ఒక్కడు. గుడ్లకొట్టాయన. అతనూ మీటింగుకి రాలేదు. వాళ్ళవాడు పోయిన వారం నీళ్ళ సీసా మర్చిపోయాడట, దానికోసం వచ్చాడు.

నేను ఆత్రం కొద్దీ మన పద్ధతిలో ఎడం చెయ్యి చాపాను. అతను నా చెయ్యి వంక చూసి, తన చేతులు రెండూ వెనక్కి పెట్టేసుకున్నాడు. ఎడం చేత్తో అవమానం చేస్తున్నాననుకున్నాడో ఏమో. స్కౌట్లు ఎడం చెయ్యే కలుపుతారండీ, అది గుండెకి దగ్గరండీ అని మీరు చెప్పే పాఠమంతా అప్పజెప్పాను. "ఓహో" అన్నాడు. సీసా తీసుకుని వెళ్ళిపోయాడు.

నవ్వారు కదూ? నోటి కొస కదిలింది, నేను చూశాను. ఉండండి, తుడుస్తాను. మొహమాటపడకండి, పళ్ళ డాక్టరు దగ్గర ఇన్నేళ్ళుగా నా ఉద్యోగమే ఇది. నోరు తెరుచుకుని పడుకుని, మాట్లాడ్డానికి వీల్లేని వాళ్ళతో మాట్లాడుతూ ఉండటం. నొప్పిగా ఉందా అంటాం, ఆఁ అంటారు, లేదన్నమాట అనుకుని కానిచ్చేస్తాం.

మీతోనూ అంతే. నేను చెప్పుకుపోతాను, మీరు ఆఁ అనండి చాలు.

అసలిదంతా మీ మూలానే. వెయ్యిసార్లు చెప్పాను, ఇంకోసారి చెప్తాను. మా అమ్మాయిని మీ స్కౌట్ ట్రూపులో చేర్పించిన ఏడు, మీటింగులో "నాకు సాయంగా ఉండేవాళ్ళు చెయ్యెత్తండి" అన్నారు మీరు. నేను చెయ్యెత్తింది ఫ్యాను కాస్త పెంచమని. ఆ సంగతి మీకు తెలుసు. తెలిసే చప్పట్లు కొట్టించారు. జీవితమంతా బస్సు కండక్టరుగా చేసిన మనిషి, ఎవరు టిక్కెట్టు కోసం చెయ్యెత్తారో, ఎవరు కడ్డీ పట్టుకోవడానికి ఎత్తారో తెలీదా మీకు? తెలిసే నన్ను ఎక్కించుకున్నారు.

మా అమ్మాయి ఏడాది తిరక్కుండా ఇది మానేసి ఈతకి పోయింది. పిల్ల దిగిపోయింది, తల్లి బస్సులో ఉండిపోయింది.

అప్పటికీ బాగానే ఉండేది లెండి. మీరు ముందు, నేను వెనక. పిల్లల్ని బయటికి తీసుకెళ్తే ఇద్దరు పెద్దవాళ్ళు ఉండి తీరాలని రూలు కదా, ఆ ఇద్దరూ మనమే. దెబ్బ తగిలిన వాణ్ణి ఒకరు ఆసుపత్రికి మోసుకెళ్తే, మిగతా వాళ్ళ దగ్గర ఒకరుండాలి. మంచి రూలే. కాదనను. కానీ ఆ రూలు రాసినాయన ఎవరో, ఆ రెండో మనిషి ఎక్కడ దొరుకుతాడో కూడా రాసి పోతే బాగుండేది.

పోయినేడు కాంపుకి వారం ముందు పక్షవాతమొచ్చి మీరిట్లా పడిపోయారు. కాంపు ఆగిపోయింది. ఎవరూ ఏమీ అనలేదు. ఈ ఏడు కూడా బయటికెళ్ళకపోతే మన ట్రూపు పేరు కొట్టేసి, పిల్లల్ని ఊరికి ఆ చివరనున్న ట్రూపులో కలిపేస్తారట. అంత దూరం ఎవరు పంపుతారు మాస్టారూ? ఈ చివర హాలుకే ఆలస్యంగా దింపి, తొందరగా తీసుకుపోతారు.

అందుకే శనివారం పెట్టుకున్నాను. చెరువవతల తోటలో, మన పాత చోటే. ఒక్క రాత్రి. తోటాయన సరేనన్నాడు. బస్సు దొరికింది, మీ డిపో వాళ్ళే, మీ మాట చెప్తే కాదనలేదు. అన్నీ ఉన్నాయి. రెండో మనిషే లేడు.

అడగలేదనుకుంటున్నారా? అట్లా చూడకండి, అందర్నీ అడిగాను.

మా డాక్టర్ని అడిగాను. "శనివారం నువ్వే సెలవంటున్నావు, నన్ను కూడా రమ్మంటే క్లినిక్కులో ఎవరుంటారమ్మా, కట్టుడు పళ్ళా?" అన్నాడు.

ఫోన్ గ్రూపులో పెట్టాను. అమ్మలూ నాన్నలూ అందరూ ఉన్నారందులో. 'ఒక్కరు, ఒకే ఒక్క రాత్రి' అని బతిమాలుతూ రాశాను. క్షణంలో వరసగా బొటనవేళ్ళ బొమ్మలు. పువ్వులు. 'మీ సేవ మరువలేనిది మేడమ్' అని ఒకావిడ. నాకు సేవ మరువకపోవడం వద్దు తల్లీ, శనివారం మరువకుండా రా అని రాద్దామనుకున్నాను. రాయలేదు. నేను కూడా ఒక పువ్వు పెట్టాను.

మా ఆయన్నీ అడిగాను. ఆయన కథ వేరే. మొన్నామధ్య వానకి మన ట్రూపు సామాన్ల గది కురిసి టెంట్లన్నీ తడిశాయి. తడి టెంటు మడిచి పెడితే బూజు పడుతుందని మీరేగా తల మీద మొట్టి మరీ నేర్పింది. అందుకని ఇంట్లోనే ఆరేశాను. హాల్లో ఒకటి, పడగ్గదిలో ఒకటి, వంటింటి గుమ్మానికి అడ్డంగా ఇంకోటి. పాపం ఆయన వారం పాటు వంగే నడిచాడు. టీవీ చూడాలంటే జిప్పు తీసి లోపలికెళ్ళి కూర్చున్నాడు. అంతా అయ్యాక, మీరు రారాదూ అన్నాను. "నా నడుం చూశావా? దాన్ని వంచిందెవరు?" అన్నాడు. వెళ్ళి టెంట్లు మడిచాను.

ఇంకో పక్క ఈ పిల్లలు.

మీకు 'సందేహం' గుర్తుంది కదూ? రెండు జడల పిల్ల, ప్రతిదానికీ చెయ్యెత్తుతుంది, మీరే పెట్టారు ఆ పేరు. ఏడాదిగా ఆ హాల్లోనే కదా అన్నీ. కుర్చీ కాళ్ళకి తాళ్ళు కట్టించి ముళ్ళు నేర్పాను. టార్చిలైటుకి ఎర్ర కాగితం చుట్టి మధ్యలో పెట్టి, ఇదే నెగడు, చుట్టూ కూర్చోండి అన్నాను. కూర్చున్నారు. అందరూ చేతులు చాపి చలి కాచుకున్నారు కూడా, మర్యాద తెలిసిన పిల్లలు. ఇది మాత్రం చెయ్యెత్తింది. "ఆంటీ, ఇది ఆరిపోతే కట్టె వెయ్యాలా, బ్యాటరీ మార్చాలా?" అంది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అందరూ వెళ్ళాక తాళం వేస్తుంటే మళ్ళీ వచ్చింది. "ఆంటీ, నిజం మంట పొగ కళ్ళలోకి వస్తే ఎంతసేపు మండుతుంది?" అని అడిగింది. ఆటకి కాదు మాస్టారూ, భయపడి అడిగింది. తట్టుకోగలదో లేదో ముందే తెలుసుకుందామని. ఆ పిల్ల ఆరో అంతస్తులో పుట్టి ఆరో అంతస్తులో పెరిగింది. స్కౌట్ అని చెప్పి చేర్చుకుని, దాన్ని ఒక్కరోజు కూడా మట్టి మీద కూర్చోబెట్టలేదు నేను. శనివారానికి సంచీ ఎప్పుడో సర్దేసిందట. రోజూ తీసి మళ్ళీ సర్దుతోందని వాళ్ళమ్మ విసుక్కుంటోంది. విసుక్కుంటుంది గానీ తను రాదు.



నీళ్ళు కావాలా? కాదా? దిండు? సరే, సరే. అసలు మాట దాటేస్తున్నానని చూస్తున్నారు కదూ. టిక్కెట్టు లేనివాణ్ణి చూసినట్టు.

చెప్తాను.

సోమవారం స్కౌట్ ఆఫీసు నుంచి ఆయన ఫోన్ చేశాడు. కాంపుకి అనుమతి ఇవ్వాలి కదా. నేను క్లినిక్కులో ఉన్నాను, ఒకాయన నోట్లో గొట్టం పెట్టి పట్టుకుని, భుజానికి చెవికి మధ్య ఫోన్ ఇరికించుకుని మాట్లాడుతున్నాను. ఎక్కడ, ఎప్పుడు, బస్సేది, మందుల పెట్టె ఉందా, అన్నీ అడిగాడు. అన్నీ టకటకా చెప్పాను. "రెండో పెద్దవారు ఎవరమ్మా?" అన్నాడు.

నేను "మాస్టారు" అన్నాను.

ఒట్టు మాస్టారూ, అనాలని అనలేదు. ఇన్నేళ్ళూ ఆ ప్రశ్నకి అదే జవాబు. నోటికి అలవాటైపోయి వచ్చేసింది. కాదండీ, పొరపాటండీ అనడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణంలో ఆయన ఎంత సంబరపడ్డాడో మీరు వినలేదు. "లేచారా! మళ్ళీ కాంపుకి వచ్చేంతగా లేచారా!" అంటున్నాడు. ఆయన చిన్నప్పుడు మీ బస్సులోనే బడికెళ్ళేవాడటగా. "శనివారం సాయంత్రం నేనే వచ్చి కలుస్తాను, నెగడు దగ్గర ఆయన పక్కన కూర్చుంటాను" అన్నాడు.

నేను "తప్పకుండా రండి" అన్నాను.

ఆ నోట్లో గొట్టం ఉన్నాయన నా వంక ఎట్లా చూశాడనుకున్నారు.

కోపం వచ్చిందా? రావాలి. మిమ్మల్ని అడక్కుండా మీ పేరు వాడుకున్నాను. రేపు చెరువులో ఎవడైనా జారితే నేనొక్కదాన్నే కదా ఉండేది? మీరొస్తారా ఈ మంచం మోసుకుని? రూలు ఎందుకుందో నాకు తెలీదా? అట్లా తీసుకెళ్ళను. తీసుకెళ్ళలేను. తీసుకెళ్ళకపోతే ట్రూపు ఉండదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, నాకు పక్కన ఆ పిల్ల సంచీ కూడా.

మీరు సాయంగా ఉంటారనే కదా నేను ఇన్నాళ్ళూ పెద్దదాన్నని చెప్పుకు తిరిగింది. మీరు లేకపోతే నేనూ ఇంకో పిల్లనే. నాకు భయంగా ఉంది మాస్టారూ. ఇంట్లో చెప్తే మానెయ్యమంటారు. మీతో చెప్తే ఏమీ అనరు.

మానేద్దామనే వచ్చాను ఇవాళ.

ఇదిగో, సామాన్ల గది తాళంచెవి. మంచం పక్క బల్ల మీద పెడుతున్నాను. టెంట్లు ఆరినవి ఆరినట్టు మడిచాను, మేకులు లెక్కకి తక్కువున్నాయి, అది నన్ను అడక్కండి. ఇక్కణ్ణుంచే ఆఫీసాయనకి ఫోన్ చేసి అబద్ధం ఆడానని చెప్పేస్తాను. తిడతాడు. తిట్టనీ. పిల్లలకి గ్రూపులో రాస్తాను, కాంపు లేదని. దానికీ బొటనవేళ్ళే పెడతారు.

మా మొదటి కాంపు గుర్తుందా మీకు? నేను బంగాళాదుంపలు నిప్పుల్లో పెట్టి మర్చిపోతే బొగ్గులయ్యాయి. పిల్లలు ఏడుపు మొహాలు పెట్టారు. మీరు ఒకటి తీసి, పొట్టు ఊడదీసి, ఉప్పద్దుకుని, "మాడిస్తేనే రుచి, మేడమ్ కావాలనే మాడ్చింది" అని తినేశారు. మా అమ్మాయి మూతి నల్లగా చేసుకుని మూడు తినింది. ఇంట్లో అన్నం ముందు కూర్చోబెడితే గంటసేపు కెలికే పిల్ల. ఆ రోజు చెయ్యెత్తినందుకు నేను మొదటిసారి బాధపడలేదు. ఆ మాట మీకు ఎప్పుడూ చెప్పలేదు, చెప్తే నెత్తికెక్కుతారని.

సరే. ఇది కూడా తీసుకోండి. మీ విజిల్. బస్సులో ఊదినదే కదా, మీరు నాకిచ్చినప్పుడు దీని తాడు మీద మీ చెమట మరక ఉంది, ఇప్పుడు నాది కూడా ఉంది. కుడి చెయ్యి లేవదు కదా, ఎడం చెయ్యి ఇవ్వండి. వేళ్ళు తెరవండి.

ఆఁ. పట్టుకున్నారు. మంచిది.

మాస్టారూ, నా వేళ్ళు కూడా పట్టుకున్నారు.

ఏంటిది? మన పద్ధతిలో చెయ్యి కలుపుతున్నారా? వద్దంటున్నారా, పొమ్మంటున్నారా? విజిల్ తీసుకుంటున్నట్టా, మళ్ళీ నాకే ఇస్తున్నట్టా? కళ్ళార్పండి. ఒకసారి ఆర్పితే వెళ్ళమని, రెండుసార్లు ఆర్పితే... అట్లా గబగబా ఆర్పితే నాకేం తెలుస్తుంది?

వదలండి, నొప్పెడుతోంది. ఇంత బలం ఎక్కణ్ణుంచొచ్చింది మీకు?

పిన్నిగారూ, ఒకసారిటు రండి. చూడండి, మీ ఆయన చెయ్యి వదలడం లేదు.

ఏమిటీ? ఏది పెట్టినా అంతేనా? తువ్వాలైనా, చెంచా అయినా?

విన్నారా మాస్టారూ, పిన్నిగారు ఏమంటున్నారో. వ్యాయామం చేయించే అమ్మాయి మీకు పట్టుకోవడం వరకే నేర్పిందట. ఎడం చేతికి పట్టు వచ్చింది గానీ విడుపు ఇంకా రాలేదట. అది వచ్చే నెలలో నేర్పుతుందట.

అయితే ఇది జవాబు కాదన్నమాట.

నేనొక పిచ్చిదాన్ని. ఇంతసేపూ మీరేదో చెప్తున్నారనుకున్నాను.

ఫోన్ మోగుతోంది. సంచీలో ఉంది, సంచీ అటు పక్కనుంది. ఆఫీసాయనే అయ్యుంటాడు, మీరు కాంపులో ఏం తింటారో అడగడానికి. అందడం లేదు.

పోనీండి పిన్నిగారూ, లాగకండి, ఆయనకి నొప్పెడుతుంది. ఆ స్టూలు ఇటు జరపండి, కూర్చుంటాను. శనివారం దాకా పట్టుకున్నా సరే. ఇద్దరు పెద్దవాళ్ళం ఇక్కడే ఉన్నాంగా.