రాళ్లు రాలే మలుపు

ఎనభై రెండు మార్చి. గల్ఫ్‌లో ఫుజైరా వైపు, కొండను తొలిచి వేస్తున్న కొత్త రోడ్డు. రెండు రోజుల వాన వెలిసిన మధ్యాహ్నం. పైన యంత్రాలకు కాపలా ఉన్న ఆదిశేషును పోశయ్య లారీలో కిందికి దింపుకొస్తుంటే చరియ విరిగి ముందు భాగం మీద పడింది. ఆదిశేషు దూకేశాడు. స్టీరింగు కింద పోశయ్య కాలు ఇరుక్కుపోయింది.

“కదిలిందా?”

“ఇంకా లేదన్నా. కాస్త గట్టిగా లాగు.”

“కాలు గాదు తమ్మీ, కొండ. కొండ కదిలిందా అంటున్న.”

“కొండెక్కడ కదుల్తాదన్నా! పడాల్సింది పడిపోయింది.”

“మీదికి సూసి చెప్పు. నన్ను సూస్కుంట చెప్తున్నవ్.”

“చూశాను.”

“ఏం గనవడ్డది?”

“ఏముంటాది, రాళ్లు. ఆకాశం.”

“నేను ఎక్కొచ్చేటప్పుడు పైన ఒక పగులు ఉండె. చెయ్యి పట్టేంత.”

“అంతే ఉంది.”

“చెయ్యి పట్టేంతనేనా?”

“అంతే అన్నాను కదా! మాటిమాటికీ అడక్కు. ఈ కడ్డీతో తలుపు పెకలిస్తాను, నువ్వు అటు ఒరుగు.”

“అగో, ఏం సప్పుడది?”

“గులకరాళ్లన్నా. ఏవో రెండు.”

“రెండు గావు. బొగ్గుబాయిల జేసినోన్ని నేను. కప్పు కూలే ముందుగాల గిట్లనే సన్నగ రాలుతది. ఆగుతది. మల్ల రాలుతది.”

“ఇది బొగ్గుబాయి కాదు.”

“యాడనైన రాయి రాయే. పగుల్లకెల్లి నీళ్లొస్తున్నయా?”

“వస్తున్నాయి.”

“తేటగనా, బురదగనా?”

“తేటగానే.”

“శేషూ.”

“తేటగానే అన్నానా!”

“అద్దం పలిగింది గద, నా మొఖం మీదనే పడ్తున్నయ్ రా. నోట్లె మన్ను కరకరమంటున్నది.”

“ఉండన్నా, తుడుస్తాను.”

“ఏడుస్తున్నవా?”

“లేదు. చెమట.”

“ఇగ నువ్వు పో.”

“పోను.”

“కడ్డీతోని అయ్యే పని గాదిది. జాకీ ఉంటెనే కాలొస్తది.”

“కింద జానీ బాషా ఉన్నాడు కదా. చప్పుడు వినే ఉంటాడు. పికప్పులో జాకీ ఉంటాది, వచ్చేస్తాడు.”

“అందాక ఇది ఆగది.”

“ఆగుద్ది! ఊరుకో అన్నా, ఆగుద్ది!”

“అరె… శేషూ, బస్సు!”

“ఏ బస్సు?”

“క్యాంపు బస్సు! వాన ఎలిసింది గద, మనోళ్లందరు పనికి ఎక్కొస్తుంటరు. మలుపు తిరిగేదాంక డ్రైవరుకు ఈ రాళ్లు గనవడయి. సీద వచ్చి ఈ పగులు కిందనే ఆగుతది.”

“అమ్మో! మంగరాజు కూడా…”

“నీ బావమరిదే గద.”

“అన్నా, నిన్నొదిలి నేనెలా…”

“యల్లా! అంగి ఇప్పి ఊపుకుంట ఉరుకు. మలుపు అవతలనే ఆపు. ఆపినంక జాకీ తీస్కొని రా.”

“వస్తాను. ఒట్టు. ఇప్పుడే వచ్చేస్తాను.”

“వద్దువు గని, ముందు ఉరుకు!”

“మాట్లాడతా ఉండన్నా! నాకు వినపడేట్టు మాట్లాడతా ఉండు!”

“ఉరుకురా! ఇంక… ఇంక జర… ఎనకకు సూడకు!”

“పోతన్నా! వినపడతందా? అన్నా!”

“ఇనవడ్తుంది! ఉరుకు!”

“అన్నా! … పోశయ్యన్నా! … అన్నా!”

మలుపు అవతల. వెనక కొండంతా ఒక్కసారిగా జారింది. లేచిన దుమ్ములోకి కింది నుంచి జానీ బాషా పికప్పు వచ్చి ఆగింది.

“యా అల్లా! శేషూ, పోశయ్య ఏడి?”

“బస్సు! బస్సు ఆపు భాయ్!”

“పోశయ్య ఏడిరా?”

“లోపల… లారీలో… ముందు బస్సు ఆపు! వెనక్కి తిప్పమను!”

“కూర్చో. నీ చేతులు చూడు, నెత్తురు కారుతోంది.”

“కూర్చోను! మంగరాజున్నాడందులో! అన్న నన్ను బస్సు ఆపమనే పంపించాడు. ఏదీ, నీ వెనకాలే వస్తందా?”

“ఏ బస్సు?”

“క్యాంపు బస్సు! పనికొచ్చే బస్సు!”

“ఇవాళ బస్సు రాదురా. పొద్దున్నే కింద అడ్డం నిలబడి, కొండ బాగాలేదు, ఎవర్నీ ఎక్కించొద్దని దాన్ని తిప్పి పంపింది పోశయ్యే.”