కిడ్నీ మీది టోపీ

స్కానింగ్ గది బయట బెంచీ మీద ఆమెకు నవ్వు ఆగడం లేదు. పక్కన భర్త బిక్కమొహం వేశాడు.

"ఆపరేషన్ చేయాలంటే ఆ నవ్వేంటే?"

"దడ, చెమటలు వస్తే ఇన్నేళ్లూ నా కోపమే కారణమన్నారు. కాదట. కుడి కిడ్నీ మీద టోపీలా కూర్చునే అడ్రినల్ గ్రంథిలో గడ్డట. అదే అడ్రినలిన్ కుమ్మరిస్తోందట."

"విన్నాను."

"శాంతమిమ్మని రోజూ దేవుడికి మొక్కానే. స్కాన్ తీయించుకోమని ఆయనైనా చెప్పకూడదా?"

"చెప్పే ఉంటాడు. నువ్వు మాట్లాడనిస్తేగా."

ఆమె పడీపడీ నవ్వింది. భర్త నవ్వలేదు.

"గ్రంథి మొత్తం తీసేస్తారట. తరవాత నువ్వు నువ్వులానే ఉంటావా?"

"ఎడమ పక్కది ఉంటుందిగా. ఒంటికి కావలసిందంతా అదొక్కటే చూసుకుంటుందని డాక్టరు చెప్పారు."

"మరి నన్ను తిట్టడానికో?"

"మీకు అందులో సగం చాలు."

"అమ్మయ్య. అయితే పద, సరేనని చెప్పొద్దాం."