పడవ ముక్కు

కూతురు పడవకు కొత్త మోటారు బిగించి చేతులు తుడుచుకుంటోంది. తండ్రి గట్టున నిలబడి కోడిగుడ్డుకు ఈకలు పీకుతున్నాడు.

"పాతదానికి రెండింతల బరువుందే! వెనక కుంగి, ముక్కు ఆకాశానికి లేస్తుంది."

"లేవకూడదనే పెట్రోలు ట్యాంకు ముందుకు జరిపాను నాన్నా."

"ఆ కిటుకు ఎవరు చెప్పారు?"

"నువ్వే. చిన్నప్పుడు నన్నెప్పుడూ ముందే కూర్చోబెట్టేవాడివి. ముద్దుకొద్దీ అనుకున్నాను. బరువుకోసమని ఇవాళ అర్థమైంది."

"ముద్దు కూడా ఉందిలేవే."

"ఇంకాస్త బరువు కావాలి. నువ్వెళ్లి ముందు కూర్చో."

ముప్పై ఏళ్లుగా మోటారు పిడి ఎవరి చేతికీ ఇవ్వని మనిషి, మీసం దువ్వుకుంటూ వెళ్లి ముందు కూర్చున్నాడు.

"జోరుగా పోనివ్వనా నాన్నా?"

"వద్దు. రేవు పొడుగునా మెల్లగా పోనివ్వు. నడిపేదెవరో అందరూ చూడాలి."