జగన్మోహన్ బోగీ పాట

రా అమ్మణ్ణీ, రా. చెప్పులు ఆడే విప్పు, ఈ బాతెల్ ఊరి వాన చెప్పులతో సహా ఇంట్లోకొచ్చేస్తుంది. ఆ కుర్చీ కాదు, అది నడుం విరిగే కుర్చీ, మా అల్లుడి కోసం ఉంచినా. ఇట్టా సోఫాలో కూర్చో. ఆఁ, ఇప్పుడు చెప్పు. మీ తాత పోయినాక మీ నాన్న ఆయన పియానో ఎవరికో డొనేట్ చేసేస్తా ఉండాడా? ఆదివారం ట్రక్కు వస్తుందా? ఏమన్నాడూ, "మా నాన్నకి పియానో యాడొచ్చు, ఎడం చేత్తో ఏదో టకటకలాడించేవాడు, అంతా బిల్డప్" అన్నాడా? ఫణిగాడు! వాడు పుట్టేటప్పుడు మీ అవ్వని హాస్పిటల్‌కి డ్రైవ్ చేసింది నేను. వాడు నాకు చెప్తాడా జగన్మోహన్ సంగతి! కానీ నైనికా, ఉన్న మాట చెప్తా. మీ తాతకి సగమే వచ్చు. కుడి చెయ్యి రాదు. నేర్చుకోలేదు. ఎందుకు నేర్చుకోలేదో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలినా. అది ఇని, ఆ తర్వాత ఆ పియానో నీ అపార్ట్‌మెంట్‌లో పడుతుందో లేదో కొలుచుకో.

డెబ్బై నాలుగో, డెబ్బై ఐదో. తూర్పు టెక్సాస్‌లో చిన్న కాలేజీ ఊరు, ఎటు చూసినా పైన్ చెట్లే. నేనూ మీ తాతా ఎమ్మెస్‌కి వచ్చి ఒక ఇంట్లో మేడ మీద గది తీసుకున్నాం. ఇంటావిడ కింద ఉండేది. నల్లజాతి ఆవిడ, భర్త పోయినాడు, డెబ్బై ఏళ్ళుంటాయి. ఊరంతా మిస్ ఓడెల్ అనేది, మేము మాలో మేము ఓడెలమ్మ అనుకునేవాళ్ళం. చేతికి ఎముక లేని మనిషి. మొక్కజొన్న రొట్టె చేసిందంటే మాకో ముక్క పైకొచ్చేది. మేము ఒకసారి చారు పంపినాం. "పరాండం, ఇది తాగేదా, పూసుకునేదా?" అని కింద నుంచి అరిచింది. పరంధామం అనడానికి నోరు తిరక్క నన్ను పరాండం అనేది. నాకా పేరు బాగుండేది, సొంత పేరు కంటే. ఆఁ, యాడున్నా? మీ తాత. మీ తాత బిట్రగుంట రైల్వే క్వార్టర్స్‌లో పుట్టినోడు. వాళ్ళ నాయన బొగ్గింజను డ్రైవరు. ఇంజను దడదడ లేకపోతే వాడికి నిద్ర పట్టదు. టెక్సాస్ వచ్చిన నెలకే కళ్ళ కింద చారలు. "ఏందిరా నిశ్శబ్దం, ఊరు చచ్చిపోయినట్టుంది" అని ఒకటే గొణుగుడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం బియ్యం కడుగుతా ఉండాడు. కింద నుంచి చప్పుడు మొదలైంది. దుబుదుబు దుబుదుబు, దుబుదుబు దుబుదుబు, నేల అదురుతా ఉంది. వీడు నిలబడిపోయినాడు. "ఒరే పరంధామా, గూడ్సు బయల్దేరిందిరా!" అని బియ్యం గిన్నెతో సహా మెట్లు దిగి పరుగు. నేను వెనకాల. చూస్తే ఓడెలమ్మ పియానో ముందు కూర్చుని ఉంది. ఎడం చెయ్యి ఒకటే దరువు, ఆగదు, అలవదు. కుడి చెయ్యి మాత్రం పైన ఇష్టమొచ్చినట్టు ఆడుకుంటా ఉంది. కడుగు నీళ్ళు ఆమె తివాచీ మీద కారతా ఉంటే వీడికి తెలీదు. "మేడమ్, ఏంది ఈ పాట?" అన్నాడు. ఆమె అనింది, "హనీ, దీన్ని బూగీ అంటారు." ఆమెది టెక్సాస్ నోరు, వీడిది బిట్రగుంట చెవి. నా వైపు తిరిగి, "విన్నావా? బోగీ అంట! మన రైలు బోగీ! వీళ్ళూ అదే అంటారురా!" అని పొంగిపోయినాడు. నాకూ అట్టాగే వినపడింది, ఏం చేస్తాం. ఇద్దరం ఇంజనీర్లం, ఏడాది పాటు దాన్ని బోగీ మ్యూజిక్ అనుకున్నాం. నేను మా ప్రొఫెసర్‌కి కూడా చెప్పినా. ఆయన "ఐ సీ" అన్నాడు. అమెరికాలో ఐ సీ అంటే ఏందో నీకు తెలుసు గదా.

ఆమె కథలు చెప్పేది. వాళ్ళ నాయన కూడా వాయించేవాడంట. ఆ అడవుల్లో కలప కొట్టే క్యాంపులు, వాటి కోసం వేసిన రైలు కట్ట. ప్రతి క్యాంపులో ఒక సారా కొట్టు, పీపాల మీద పలకలు పరిస్తే అదే బల్ల, మూల ఒక పాత పియానో. వాయించేవాళ్ళు గూడ్సు ఎక్కి ఈ క్యాంపు నుంచి ఆ క్యాంపుకి తిరిగేవాళ్ళంట. పగలంతా చక్రాల చప్పుడు ఇని, సాయంత్రం అదే వాయించేవాళ్ళు. "తాగినోళ్ళ గోలలో వినపడాలి గదా, అందుకే ఎడం చెయ్యి అంత గట్టిది" అనేది. తర్వాత జనం పనుల కోసం షికాగో పోతే పాట కూడా వాళ్ళతో రైలెక్కిందంట. చిన్న ఇళ్ళల్లో మోగింది, ఆపైన పెద్ద హాళ్ళకి పోయింది, సూట్లేసుకున్నోళ్ళు చప్పట్లు కొట్టినారు, కొన్నేళ్ళు దేశమంతా అదే పిచ్చి. ఆ తర్వాత గిటార్లు వచ్చినాయి, పియానో మూలబడింది. మీ తాత ఇవన్నీ నోరు తెరుచుకుని వినేవాడు. నేర్పమన్నాడు. ఆమె ఒకటే షరతు పెట్టింది: "ముందు ఎడం చెయ్యి. నువ్వు ఏం మాట్లాడతా ఉన్నా, ఎవరు పిలిచినా, అది ఆగకూడదు. అప్పుడు కుడి." వీడు అన్నం తింటా ఎడం చేత్తో బల్ల మీద, బస్సులో నా తొడ మీద! నా తొడ కమిలిపోయింది, నవ్వుతావేంది, నిజం.

ఇంక కుడి చెయ్యి మొదలుపెడదామనే లోపల ఆమెకి పక్షవాతం వచ్చింది. ఎడం వైపు. హాస్పిటల్ నుంచి వచ్చింది గానీ మనిషి మారిపోయింది. చెయ్యి ఒళ్ళో చచ్చుగా పడి ఉండేది, మూతి కొంచెం వంకర. పియానో మూత మూసేసి, లేసు గుడ్డ కప్పి, పైన పూలకుండీ పెట్టించింది. చర్చి వాళ్ళకి కబురు చేసింది, "శనివారం వచ్చి పట్టుకుపోండి, నాకు దీంతో పని లేదు" అని. మీ తాతకి అన్నం సయించలా. "అది పోతే ఈమె కూడా పోతుందిరా" అన్నాడు. నేను "నువ్వేం చేస్తావురా, డాక్టరువా?" అన్నా. శుక్రవారం పొద్దున నేను వెనకాల వస్తా ఉంటే వీడు కిందికి పోయి, అడక్కుండా కుండీ తీసి కింద పెట్టి, మూత తీసినాడు. "ఎవరు ముట్టుకోమన్నారు?" అని ఆమె కసురుకుంది. వీడు వినిపించుకోలా. ఎడం చెయ్యి మొదలుపెట్టినాడు. దుబుదుబు దుబుదుబు. ఆమె మొహం కిటికీ వైపు తిప్పేసుకుంది. వాయిస్తానే ఉండాడు, ఆమె తిరగనే తిరగదు. ఆఖరికి వీడికి ఏడుపొచ్చేసి, ఆ వచ్చీరాని ఇంగ్లీషులో, "మేడమ్, ఇంజను ఒక్కటే పోతా ఉంది. బోగీలు తగిలించండి, ప్లీజ్" అన్నాడు.

"ఏం తగిలించాలి?" అనింది ఆమె. "బోగీలు మేడమ్. జనం కూర్చునేవి. మీ కుడి చెయ్యి." "ఏం జనం, బిడ్డా?" అప్పుడు వీడు చెప్పినాడు, మా దేశంలో రైలు పెట్టెని బోగీ అంటాం, మీ పాటకి ఆ పేరే గదా పెట్టుకున్నారు అని. ఎడం చెయ్యి మాత్రం ఆపలా, చూడు! ఆమె మమ్మల్నిద్దర్నీ చూసింది. "ఏడాది నుంచీ... మీరు... రైలు పెట్టె అనుకుంటా ఉన్నారా?" అని నవ్వడం మొదలుపెట్టింది అమ్మణ్ణీ. ఆ వంకర మూతితో, కళ్ళెమ్మట నీళ్ళు కారతా, కుర్చీ కిర్రుకిర్రుమనేదాకా నవ్వింది. హాస్పిటల్ నుంచి వచ్చినాక నవ్వడం అదే. "మా నాయన ఉంటే నిన్ను ఎత్తుకుని ముద్దు పెట్టుకునేవాడు. పాట పేరు తప్పు చెప్పి, పాట సంగతి సరిగ్గా చెప్పినావు" అనింది. లేచి, నా భుజం పట్టుకుని నడిచొచ్చి, "జరుగు" అనింది. వీడు ఎడం వైపుకి జరిగినాడు. ఆమె కుడి వైపున కూర్చుని, ఆ ఉన్న ఒక్క చెయ్యి వేసింది చూడూ... అబ్బబ్బబ్బ. నాకు సంగీతం ఓనమాలు రావు, నా కాళ్ళు వాటంతటవే ఆడినాయి. మర్నాడు చర్చి నుంచి నలుగురు ఆజానుబాహులు తాళ్ళు వేసుకుని వచ్చినారు. వీళ్ళిద్దరూ వాయిస్తా ఉంటే గుమ్మంలో నిలబడిపోయినారు. ఇంకేముంది, తాళ్ళు తెచ్చినోళ్ళు తాళం వేసుకుంటా పోయినారు!

ఆమె పోయేదాకా అట్టాగే, ఒక బల్ల, ఇద్దరు మనుషులు, రెండు చేతులు. ఆమె పోయినాక మీ తాత ఈ పక్కనే రెడ్‌మండ్ వచ్చినాడు, ఉద్యోగం, మీ అవ్వ శశికళ, ఫణి. సోఫా కంటే ముందు పియానో కొన్నాడని మీ అవ్వ ఇప్పటికీ అంటుంది గదా? ఎప్పుడు చూసినా పియానో బల్లకి ఎడం వైపు సగంలో కూర్చునేవాడు, కుడి సగం ఖాళీ. పార్టీల్లో అందరూ ఎగతాళి. "ఒరే, కుడి చెయ్యి కూడా నేర్చుకుని చావచ్చుగదా" అని నేనే ఎన్నోసార్లు తిట్టినా. "ఆ పక్క రిజర్వుడురా" అనేవాడు. మీ అవ్వని కూర్చోనీలా. మీ నాన్న చిన్నప్పుడు ఎక్కితే దింపేసినాడు, వాడికి ఆ కోపం ఇంకా పోయినట్టు లేదు. అట్టాంటిది, నీకు మూడేళ్ళప్పుడు, నీ బర్త్‌డే నాడు, నేను ఆడే ఉన్నా, నిన్ను ఎత్తి ఆ పక్కన కూర్చోబెట్టినాడు. నువ్వు కేకు చేతుల్తో ఆ పియానో మెట్ల మీద డమాడమా బాదినావు. ఒక్కటి కూడా సరిగ్గా పడలా. మీ తాత ఎడం చెయ్యి ఆపకుండా, మా అందరి వైపు తిరిగి, "తగిలినాయిరా బోగీలు!" అని అరిచినాడు.

...

ఏందీ, ఫోనా? మీ నాన్నకేనా? చెయ్యి, చెయ్యి. ఏమే పద్మజా! ఇంకో కాఫీ పెట్టు, చక్కెర యాడ దాచినావో తెలుసు గానీ నువ్వే వెయ్యి.