సబ్బుకి లొంగని వాసన

అది కాదక్కా, దాన్ని సబ్బుతో ఎవరైనా కడుగుతారా? పైగా మల్లెపూల సబ్బు! తలుపు తియ్యగానే తెలిసిపోయింది నాకు. పైన మల్లె, దాని కింద పొగ.

అగరు చెక్క ఉడికించి తీసే ఊద్ నూనె సబ్బుకి లొంగదని, స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవాలని నాకు నేర్పిందే నువ్వు. ఇన్నేళ్ళుగా ఆ ఫ్యాక్టరీ మేడ మీద అత్తర్లు కలుపుతున్న చెయ్యి నీది. మరి ఇవాళేమైంది?

దాచకు. తువ్వాలు చుట్టుకుంటే ఆగుతుందా? ఇలా చూపించు. హుఁ. సరిగ్గా మణికట్టు మీద, నరం కొట్టుకునే చోట రాశాడు.

ఇది మనం దుకాణాలకి పంపే సీసాల్లోది కాదు. దాంట్లో కొనేవాళ్ళు భయపడకుండా గులాబీ కలుపుతారు. ఇది అచ్చమైనది. ముందు ఆస్పత్రి కట్టులా కొడుతుంది. తర్వాత తడిసిన తోలు. ఆ తర్వాత పొగ... మంట పొగ కాదు, ఇల్లు కాలిపోయిన మర్నాడు గోడల్లోంచి వస్తుందే, ఆ పొగ. ఇలాంటి సీసా మన దగ్గర ఒక్కటే ఉంది. మన యజమాని, ఆ పెద్దాయన బల్ల మీద.

ఆయన అది ఎవరికి రాస్తాడో నీకు తెలీదా? పనివాళ్ళు వెళ్తే కుర్చీ కూడా చూపించడు. తోటివాళ్ళ గుట్టు చెవిలో వేసినవాళ్ళకి మాత్రం స్వయంగా చెయ్యి పట్టుకుని గాజు పుల్లతో గీత గీస్తాడు. గేటు మామయ్య ఒకసారి ఆ వాసనతో మెట్లు దిగాడు. మర్నాడే బాయిలర్ అన్నకి పని పోయింది. అప్పట్నుంచి కింద చెక్క ఉడికించే షెడ్డులో మేమంతా మనుషుల్ని కళ్ళతో కాదు, ముక్కుతో చూస్తున్నాం.

ఏంటీ? ఊరికే పిలిచాడా? పెద్దాయన! ఊరికే! బాగుంది.

రేపు పొద్దున షెడ్డులో పొయ్యిలు వెలిగించబోమని నీకు చెప్పిందెవరు? నేనే. ఈ వంటగదిలోనే, నీ పక్కన నిలబడి గిన్నెలు తుడుస్తూ చెప్పాను. కిటికీలు తెరిచేదాకా చెక్క ఉడకదు, అంతే. ఇంకేం అడిగాం మేము? పక్క కంపెనీవాళ్ళు వాసన పసిగడతారని కిటికీలన్నిటికీ మేకులు కొట్టించాడు. లోపల మేము పొగ మింగుతున్నాం.

మీసాల బాబాయి మొన్న బాన పక్కనే కూలిపోయాడు. మేమే మోసుకెళ్ళాం. డాక్టరమ్మ నాడి చూడబోతూ ఏమందో తెలుసా? “అబ్బ, ఎంత మంచి వాసన! ఏ అత్తరు?” అంది. ఆయన గుక్క తిప్పుకోలేక పోతున్నాడక్కా, ఆవిడ అత్తరు పేరు అడుగుతోంది!

అదిగో, ఉపన్యాసం మొదలెట్టానంటావు. అవును, మొదలెడతాను. మనిషి ఊపిరి సరుకు కాదు! గాలి ఎవడబ్బ సొత్తూ కాదు! పుస్తకాల్లో మాటలే. పుస్తకంలో ఉంటే అబద్ధమైపోతుందా? షెడ్డులో నన్ను మైకు అంటారు. అననీ. మైకు లేకపోతే ఇంతమందిమి ఒక్కటయ్యేవాళ్ళమా?

ఈ నూనె వాసన ఒంటి వేడికి లేస్తుంది తెలుసుగా. నువ్వు భయపడేకొద్దీ ఎక్కువ వస్తుంది. చూడు, మన మాటల్లోనే తోలు వాసన పోయింది. ఇక మిగిలింది పొగే.

చెప్పు. ఎవరెవరి పేర్లు ఇచ్చావు?

బాబాయిదా? మంచం మీంచి లేవలేని మనిషి పేరు కూడానా! బానలు కడిగే పిన్నిదీనా? నీకు జ్వరమొస్తే నీ నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ కూర్చుంది ఆవిడేనక్కా! ఇంకా? కవలలిద్దరూనా? ఛీ, ఇంక చాలు. ఎవర్ని మిగిల్చావో అది చెప్పు, త్వరగా తేలిపోతుంది.

...నన్నా?

ఆగు. ఏడవకు, సరిగ్గా చెప్పు. నా పేరు ముందు ఆయనే ఎత్తాడా? మిగతావాళ్ళెవరో చెబితే నీ చెల్లెలి జోలికి రానన్నాడా? నువ్వు సరేనన్నావా? నాకోసమా? ఎవరడిగారు నిన్ను!

నీ సంచిలో స్పిరిట్ ఉంది. దూదీ ఉంది. అయినా సబ్బు పట్టుకున్నావు. నాకు తెలియాలనే కదూ? నోరు పెగల్లేదు, అందుకని చేతికి వదిలేశావు.

రేపేమవుతుందో ఊహించావా అసలు? గేటు దగ్గర అందర్నీ ఆపేస్తారు. నన్ను మాత్రం మామయ్య “రామ్మా” అని లోపలికి పిలుస్తాడు. బయట పిన్ని, కవలలు, అందరూ నా వంకే చూస్తూ నిలబడతారు. మనిద్దరి బట్టలూ ఒకే అలమరలో ఉంటాయి. ఈ పొగ ఈపాటికి నా చొక్కాలకీ పట్టే ఉంటుంది. వాళ్ళు ఒక్కసారి గట్టిగా ముక్కు ఎగబీల్చారంటే చాలు. ఇంక నేను ఎన్ని నినాదాలిచ్చినా ఎవరు నమ్ముతారు? నిన్నెవరూ అనుమానించరు. మేడ మీద చల్లగా ఉంటావు.

లేదు, ఇప్పుడే వెళ్ళి చెప్పేస్తాను. ఇంకా చీకటి పడలేదు. బాబాయి ఇల్లు వీధి చివరేగా. పొద్దున ఎవరూ గేటు దాకా రావద్దంటాను. ఎవరు చెప్పారని అడుగుతారు. మా అక్కే అంటాను. అనాలి కదా మరి? చూడు, చెప్పులు కూడా వేసుకున్నాను.

అలా చూడకు.

వెళ్తానన్నాగా. వెళ్తాను.

ఇంకా ఎందుకు నిలబడ్డావంటావా? ఒకటి చెప్తాను, నవ్వకు. నీ చెల్లెలి జోలికి రానన్నాడా అని అడిగితే ఇందాక నువ్వు తలూపావు చూడు... అప్పుడు నాకు ముందొచ్చింది కోపం కాదక్కా. హాయిగా అనిపించింది. ఎంత హాయిగానో. కోపం తర్వాత తెచ్చుకున్నాను.

జరుగు. కాసేపు కూర్చోనీ.