పదకొండు నిమిషాల్లో పాయకరావుపేట

రెండే నిమిషాలు, టీ తాగేసి స్టేషన్లో దింపేస్తానని ఆటో పరదేశి చెప్పి పావుగంట దాటింది. మరిడమ్మ అల్లాబక్ష్ టీ కొట్టు బల్ల మీద బెల్లం మూటతో కూర్చునే ఉంది. తొమ్మిది గంటల రైలెక్కి, తునిలో దిగి, పదకొండున్నరకల్లా పాయకరావుపేటలో మనవడి అన్నప్రాశనకి చేరాలి. తను తెచ్చిన బెల్లంతోనే పరమాన్నం వండి, తన చేత్తోనే ముద్ద పెట్టాలని ఆవిడ కోరిక.

బైక్ టాక్సీ నడిపే లావణ్య అక్కడే టీ తాగుతూ, నేను దింపుతాను రామ్మా అంది. పరదేశికి ఒళ్ళు మండింది. యాప్ బళ్ళొచ్చాక స్టాండులో బేరాల్లేవు, ఉన్న ఒక్కటీ కళ్ళముందే తన్నుకుపోతే ఊరుకుంటాడా?

"బైకుదేటే గొప్ప, నడక ముందర? మొన్న మంగళారం రైలు గేటు పడిపోనాది. నీలాంటి యాప్ కుర్రోడొకడు బండి మీద ఉండిపోయేడు. నాను ఆటో పక్కనెట్టి, పాసింజరు సంచీ భుజానేసుకుని, వంతెన మెట్లెక్కి దిగి నడిసెల్లిపోయేను. ఆడు బెల్లం మార్కెట్టుకి వచ్చేసరికి నాను గెడ్డం గీయించుకుని కూకున్నాను. అంతే, పెద్ద ఇసయం కాదు."

"గెడ్డం ఒకేపేనా?" అన్నాడు అల్లాబక్ష్, పాలు పొంగకుండా తిప్పుతూ.

"రెండేపులా. సెప్పనీ. ఆ తర్వాత ఏటైందో తెలుసా? ఆ కంపెనీవోళ్ళు ఫోన్ సేసేరు. మా బండిని దాటేసిన బండేటి బాబూ అని. బండి కాదండీ, కాళ్ళండీ అన్నాను. అయితే ఆటినే ఎక్కించేద్దాం యాప్‌లో అన్నారు. కుడికాలికి ఇన్సూరెన్సు, ఎడంకాలికి పొల్యూషన్ సర్టిఫికెట్టు. బ్రేక్ ఇన్‌స్పెక్టరొచ్చి మడమలు తట్టి సూసి, కండిషన్ బాగుందని సంతకం పెట్టేడు."

"నంబరు ప్లేటు ఎక్కడ కట్టేరు మావా?" అంది లావణ్య.

"ఎనకమాల. పంచె కప్పుతాది, నీకు కనపడదు."

టైమెంతయింది బాబూ అని మరిడమ్మ అడిగింది. బోల్డుంది, కూకో అమ్మా అని పరదేశి ఇంకో టీ చెప్పాడు.

"మొదటి బేరం సబ్బవరం. బేంకు మేడమ్ము. ఈపు మీద కూకోబెట్టుకున్నాను. ఆవిడ లాప్‌టాపు తెరిసింది, అది ఎలిగే లోపల సబ్బవరం వచ్చీసింది. ఐదు స్టార్లు. ఆనక షేరింగు పెట్టేను. ఉప్మాక ఎంకన్న దర్శనానికి ఒక కుటుంబం, ఐదుగురు. భుజానికొకలు, ఈపునిద్దరు, పెద్దాయన నెత్తి మీద. ఆయన సేతిలో గ్లాసుడు పాలు. సుక్క తొణికితే ఒట్టు. హైవే మీద కెమేరా ఓవర్ స్పీడని ఫోటో తీసింది. ఫోటోలో నా సెప్పులే పడ్డాయి. నాను అప్పటికే ముందుకెల్లిపోయేను."

"సెప్పులు మళ్ళీ దొరికేయా?" అన్నాడు అల్లాబక్ష్.

"చలానా కడితే ఇచ్చేరు."

ఎవరూ నవ్వలేదు. అది చూసి పరదేశికి మరింత ఊపొచ్చింది.

"అదంతా ఒకెత్తు. మొన్నాదివారం పాయకరావుపేట బేరం తగిలింది. నూటపది కేజీల మనిసి. ఇక్కడ రైలు కూతేసింది, అక్కడ నాను అడుగేసేను. యలమంచిలి కాడ ఇంజిను డ్రైవరు నాకు సెయ్యూపేడు. నాను సూడనేదు, సూత్తే స్పీడు తగ్గిపోతాది. పదకొండు నిమిషాలు. అదీ మద్దెలో బీడీకి ఆగేను. మనిసిని ఇంటికాడ దింపేసి, ఎనక్కి తుని స్టేషన్‌కొచ్చి, టీ తాగి, ప్లాట్‌ఫారం తుడిపించి సూత్తే, ఏటీ, రైలింకా రానేదు."

నిజమైన రైలు కూత అప్పుడే వినపడింది. స్టేషన్ వైపు నుంచి చప్పుడు పెరిగి, మెల్లగా తగ్గిపోయింది. లావణ్య ఫోన్ చూసి, ఎల్లిపోనాదమ్మా అంది.

మరిడమ్మ మొహం చిన్నబోయింది. పొద్దున్న నాలుగింటికి లేచి తలంటుకుని బయల్దేరిన మనిషి. లావణ్య బండి స్టాండు తీసి, రామ్మా, హైవే ఎక్కితే ముహూర్తానికి అందుకుంటాం అంది.

"ఎందుకమ్మా నీకు శ్రమ" అంటూ మరిడమ్మ లేచింది. కొంగు నడుముకి బిగించింది. బెల్లం మూట తెచ్చి పరదేశి మెడకి తగిలించి, అతని వెనక్కి వెళ్ళి నిలబడింది.

"నాను నలబై కేజీలే. వంగు బాబూ."

అల్లాబక్ష్ పొయ్యి తగ్గించాడు. పరదేశి మూట బరువుకి ముందుకి తూలి, గ్లాసు బల్ల మీద పెట్టి, ఆటో తాళం తీశాడు.

"ఆటో ఎక్కమ్మా. పేట దాకా నానే దింపేత్తాను."

"ఆటో పదకొండు నిమిషాల్లో ఎల్తాదేటి?" అంది మరిడమ్మ.